పెద్ద టమాటకు సంక్రాంతి విత్తనం పనికిరాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంటిపంటల పేజీలో బీఫ్‌స్టేక్ టమాటల (కండ ఎక్కువగా ఉండే పెద్ద కాయ రకాల) మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఫొటోలు బాగున్నాయి, రకాల పేర్లూ సరిగానే ఉన్నాయి. కానీ "సంక్రాంతి వెళ్లాక నారు పోసుకోవాలి" అన్న ఒక్క మాట నమ్మితే వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు పాఠకులు నిండా మునుగుతారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు. విదేశీ విత్తన పాకెట్ల వెనక "ఆఖరి మంచు పడే తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు విత్తండి" అని ఉంటుంది. అది మంచు గడ్డకట్టే దేశాల లెక్క. అక్కడ ఎండలు మొదలైతే టమాటకు మంచి రోజులు వచ్చినట్టు. ఇక్కడ ఎండలు మొదలైతే దానికి గడువు తీరినట్టు. వాళ్లు మంచు తేదీని పట్టుకుని లెక్కేస్తారు. మనం మార్చి ఎండను పట్టుకుని వెనక్కి లెక్కేయాలి.

సంక్రాంతి దాటాక విత్తితే ఏమవుతుందో చూడండి. నెల రోజుల నారు ఫిబ్రవరి మధ్యలో నాటుతాం. మార్చి మధ్యకు పూత మొదలవుతుంది. టమాట కాయ కట్టడానికి పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా నిలుస్తుంది. 24 దాటితే పూత రాలడం మొదలవుతుంది. పగలు 35 దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది. అదీ పువ్వు విచ్చిన రోజున కాదు, వారం పది రోజుల ముందే, మొగ్గలో పుప్పొడి తయారయ్యేటప్పుడే. అందుకే ఒకటి రెండు రోజులు మబ్బు పట్టి చల్లబడినా ఆ పూతకు కాయ నిలవదు. ఓరుగల్లులో ఏప్రిల్ రాత్రులు ఎట్లుంటాయో మిద్దె మీద పడుకునేవాళ్లకు చెప్పక్కరలేదు. చెట్టు మాత్రం ఏపుగా ఆరడుగులు పెరుగుతుంది, పూతంతా తొడిమ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. బలం చాలలేదనుకుని యూరియా వేస్తారు. దాంతో ఆకు ఇంకా ముదురు పచ్చగా పెరుగుతుంది, పూత ఇంకా తగ్గుతుంది.

చిన్న టమాటలకు ఈ బాధ కొంత తక్కువ. అవి గుత్తుల కొద్దీ పూస్తాయి, సగం రాలినా కూరకు సరిపడా మిగులుతాయి. పెద్ద టమాట చెట్టుకు మొత్తం మీద 8 నుంచి 12 కాయలే వస్తాయి. రెండు గుత్తులు రాలితే మూడో వంతు నుంచి సగం దాకా పంట పోయినట్టే.

మన ప్రాంతానికి తేదీలు పండుగలతో కంటే కార్తెలతో చెప్పడం మేలు. పండుగలు ముందూ వెనకా జరుగుతాయి, కార్తెలు జరగవు. మఖ కార్తె మొదటి వారం నుంచి పుబ్బ కార్తె మొదటి వారం లోపు, అంటే ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు 5 మధ్య నారు పోయాలి. ఉత్తర కార్తె చివర, హస్త మొదట్లో నాటాలి. స్వాతికి పూత వస్తుంది. అప్పటికి రాత్రులు చల్లబడతాయి, పెద్ద వానలూ వెనకబడతాయి. డిసెంబరు చివర మొదటి కాయ రంగు తిరుగుతుంది, శివరాత్రి దాకా కోత ఉంటుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి పడిపోతుంటాయి కాబట్టి వాళ్లు రెండు వారాలు ముందుకు జరిగి ఆశ్లేషలోనే నారు పోసుకోవాలి. పాకెట్ మీద ఉండే "80 రోజులు" అన్న అంకె విషయంలో కూడా చాలామంది పొరపడుతున్నారు. అది నాటిన రోజు నుంచి లెక్క, విత్తిన రోజు నుంచి కాదు. నారు దశ నెల రోజులు దానికి కలుపుకోవాలి.

నారు గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపి, సెంటీమీటరు లోతున గింజ పెడితే వారంలో మొలుస్తుంది. కాకపోతే అది వానల కాలం. చూరు కింద పెట్టి, పైన 40 మెష్ వల (అంగుళానికి 40 కన్నులుండేది) కప్పాలి. వల వాన కోసం కాదు, తెల్లదోమ కోసం. నారు దశలో తెల్లదోమ కుట్టి ఆకుముడత వైరస్ ఎక్కితే ఆ మొక్కకు తర్వాత ఏ మందూ లేదు. నాలుగైదు ఆకులు వచ్చిన మొక్కను సాయంత్రం పూట నాటాలి. పై ఆకులు మాత్రమే బయటికి కనిపించేంత లోతుగా కాండాన్ని మట్టిలో దించాలి. టమాట కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు పోస్తుంది. వంగకో మిరపకో ఇట్ల చేయకూడదు.

కుండీల దగ్గరికి వద్దాం. మిద్దెతోటల్లో అందరూ వాడే 20 లీటర్ల పెయింటు బకెట్ దేశవాళీ టమాటకు సరిపోతుంది, దీనికి సరిపోదు. కనీసం 40 లీటర్ల తొట్టి కావాలి. దానికి కారణం ఎరువు కాదు, నీళ్లు. చిన్న బకెట్లో ఉదయం పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఇంకిపోతాయి, ఆ ఒడిదుడుకులను పెద్ద కాయ తట్టుకోలేదు. తడి మట్టితో 40 లీటర్ల తొట్టి 50 నుంచి 60 కిలోల బరువు తూగుతుంది, కాబట్టి స్లాబు నడిమధ్యన కాకుండా గోడల మీద, బీముల మీద వచ్చేటట్టు పెట్టుకోవాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల పెంట, ఒక పాలు కొబ్బరిపొట్టు లేదా రైస్ మిల్లు దగ్గర దొరికే పాత ఉనుక. తొట్టికి పావు కిలో వేపపిండి కలిపి, తడిపి, పది రోజులు మాగనిచ్చి నాటాలి.

నేల మీద పెంచేవాళ్లలో చెల్క నేల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అడుగున్నర గుంత తీసి, 5 కిలోల పెంట, పిడికెడు సూపర్ ఫాస్ఫేట్ వేసి నాటితే చాలు. నల్లరేగడి ఉన్నవాళ్లు గుంతలో నాటకూడదు. సెప్టెంబరు వానకు గుంత తొట్టిలా నిండి, వేర్లకు ఊపిరాడక మొక్క నిలువునా వాలిపోతుంది. అడుగు ఎత్తున మట్టి కట్ట పోసి దాని మీద నాటాలి. ఇంకోటి, రేగడిలో కట్టె బూడిద వేయవద్దు. పొటాష్ వస్తుందని చాలామంది పొయ్యి బూడిద పోస్తుంటారు. రేగడికి క్షారగుణం ముందే ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. దాంతో ఇనుము, జింకు అందక లేత ఆకులు తెల్లబడతాయి.

వ్యాసంలో మరో మాట కూడా సరిదిద్దాలి. కాయ అడుగున నల్లమచ్చ పడితే కాల్షియం లోపమనీ, కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయమనీ రాశారు. లోపం కాల్షియానిదే, ఒప్పుకుంటాం. కానీ మట్టిలో లోపం కాదు, కాయలో లోపం. రేగడి నేలలో సున్నం ఉండనే ఉంటుంది, మన బోరు నీళ్లలో అయితే బకెట్ అంచుకు తెల్లగా పేరుకుంటుంది. అది కాయ చివరి దాకా చేరడం లేదు. కాల్షియం నీళ్లతో పాటే పైకి ఎక్కుతుంది, నీళ్లను లాగేది ఆకులు. కాయ నుంచి ఆవిరయ్యే నీరు బహు తక్కువ, కాబట్టి దాని వంతుకు వచ్చేది మిగిలిన కాస్త. అందులోనూ తొడిమకు దూరంగా ఉండే అడుగు భాగానికి అన్నిటికంటే చివర. రెండు రోజులు మట్టి ఎండనిచ్చి మూడో రోజు కుండపోతగా పోస్తే మొదట ఎండేది ఆ అడుగే. కాయ ఎంత పెద్దదైతే ఆ దారి అంత పొడవు. అందుకే పక్కన దేశవాళీ చెట్టు బాగానే ఉన్నా దీనికి మచ్చ వస్తుంది.

ఈ చెడుపు పిందె గోలీకాయంత ఉన్నప్పుడే జరిగిపోతుంది. మనకు కనిపించేది రెండు మూడు వారాల తర్వాత. మొదట నీళ్లు ఊరినట్టు చిన్న మచ్చ, తర్వాత గోధుమరంగు, చివరికి తోలులా గట్టిపడి లోపలికి గుంట పడుతుంది. ఇది పురుగూ కాదు, బూజూ కాదు, కాబట్టి తెగులు మందు కొట్టడం దండగ. ఆ కాయ తెంపేస్తే తర్వాతి గుత్తులకు బలం అందుతుంది. గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, క్షార నేలలో ఇంకా ఆలస్యం. ఈ పంటకు అవి అందవు. చేయాల్సింది నీళ్లు సమంగా ఇవ్వడం, మట్టి మీద మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరచడం. కాపు మీదున్న చెట్టుకు నవంబరు, డిసెంబరులో రోజుకు 2 నుంచి 3 లీటర్లు, ఫిబ్రవరిలో 4 నుంచి 5 లీటర్లు, ఉదయం పూట. ఒక్క రోజూ తప్పకూడదు. ఊరికి వెళ్లేవాళ్లు ఉంటే గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ ఒకటి, టైమరు ఒకటి పెట్టుకోవడం మంచిది. యూరియా ఎక్కువైనా ఈ మచ్చ పెరుగుతుంది, ఆకు పెరిగిన కొద్దీ కాయ వంతు తగ్గుతుంది కదా. పూత మొదలయ్యాక 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, పది రోజులకోసారి చెట్టుకు 2 లీటర్లు మొదలు దగ్గర పోస్తే చాలు.

చెట్టును నిలబెట్టడం గురించి. ఇది ఆగకుండా పెరిగే జాతి. ఆరడుగుల వెదురు గడ నాటిన రోజే పాతాలి, తర్వాత పాతితే వేర్లు తెగుతాయి. పాత చీర పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో, కాండానికి వదులుగా, గడకు బిగువుగా కట్టాలి. నైలాన్ తాడు కోసేస్తుంది. ఆకు తొడిమకూ కాండానికీ మధ్య చంకలో వచ్చే పిలకలను రెండు అంగుళాలు కాకముందే గిల్లేసి, ఒకటి లేదా రెండు కాండాలే ఉంచాలి. అయితే ఆకులు మాత్రం ఉంచండి. చెట్టు నీటుగా కనిపించాలని ఆకులన్నీ దులిపేస్తే కాయ మీద నేరుగా ఎండ పడి తెల్లగా కాలిపోతుంది. నేలకు తగిలే ఆకులు, మచ్చలున్న ఆకులు తీసేస్తే చాలు. ఈ పిలకలు గిల్లే పని చూసి మామూలు గుబురు టమాటకూ అదే చేసేవాళ్లున్నారు, దానికి కాపు పోతుంది. జనవరి ఆఖరుకు చెట్టు తల తుంచేయాలి. పెద్ద కాయ పిందె నుంచి పండు కావడానికి 50 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, ఆ తర్వాత పూసిన పువ్వుకు తగినంత చల్లని కాలం మిగలదు.

పువ్వును ఒకసారి దగ్గరగా చూడమని పాఠకులకు చెప్పండి. మామూలు టమాట పువ్వులో పసుపు రెక్కల మధ్య సన్నటి గొట్టం ఉంటుంది, పుప్పొడి దాని లోపలే రాలుతుంది, పుప్పొడి అంటుకోవాల్సిన కొస, అంటే కీలాగ్రం కూడా లోపలే ఉంటుంది కాబట్టి కాస్త గాలి ఊపినా కాయ కడుతుంది. పెద్ద టమాటల్లో, ముఖ్యంగా బ్రాండీవైన్ లాంటి పాత రకాల్లో, గుండుసూది తలంత పచ్చటి కీలాగ్రం గొట్టం కొసను దాటి బయటికి వచ్చి ఉంటుంది. ఎండ ఎక్కువైతే ఇంకా బయటికి పొడుచుకొస్తుంది. పుప్పొడి లోపల, అది బయట. అందుకే వీటికి మన సాయం కావాలి. ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య, మంచు ఆరాక, గుత్తి కాడ మీద వేలితో నాలుగైదు సార్లు చిటికె వేసినట్టు కొట్టాలి. కరెంటు టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక భాగం కాడకు రెండు సెకన్లు ఆనిస్తే పసుపు పొడి రాలడం కంటికే కనిపిస్తుంది. తేనెటీగలకు ఈ పువ్వును అదిలించి పుప్పొడి రాల్చే విద్య రాదు. నల్ల తుమ్మెదకు వచ్చు. పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో ఝుమ్మని వణికిస్తుంది. అవి ఎండిన వెదురులో తొర్ర చేసుకుని ఉంటాయి. పాత ఊతకర్రలన్నీ పొయ్యిలో పెట్టకుండా ఒకటి రెండు గోడకు ఆనించి వదిలేయండి.

మొదటి గుత్తిలో ఒక్కోసారి రెండు మూడు పువ్వులు అతుక్కుని ఒకే లావుపాటి పువ్వుగా వస్తుంది. దాన్ని తుంచాలా, ఉంచాలా అన్నది మీకేం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. బరువు పోటీలవాళ్లు వెతికేది ఇలాంటి అతుకు పువ్వునే. 1986లో అమెరికాలోని ఓక్లహామాలో పండిన 3.51 కిలోల టమాట 2014 దాకా ప్రపంచ రికార్డుగా నిలిచింది. తినడానికి పెంచేవాళ్లు మాత్రం తుంచేయడమే మంచిది, అది వంకరటింకరగా, పగుళ్లతో వస్తుంది. గుత్తికి రెండు, మించితే మూడు పిందెలు ఉంచాలి. మన వాతావరణంలో 300 నుంచి 500 గ్రాముల కాయ వస్తే బాగా పండించినట్టే. కిలో కాయ ప్రకటనలు చూసి విత్తనం కొన్నవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

కాయ అడుగున కుట్లు వేసినట్టు గోధుమరంగు గీతలు, మడతలు వస్తే అది రోగం కాదు. కాయ కాక ముందు, మొగ్గ దశలో చలి తగిలితే అలా అవుతుంది. ఆ భాగం కోసేసి తినొచ్చు.

ఇక పురుగులు. వరంగల్ చుట్టూ పత్తి, మిర్చి. రెండూ తెల్లదోమకు ఇల్లు. పత్తి ఏరి కట్టె పీకే రోజుల్లో అది ఊళ్లోకి మళ్లుతుంది. అప్పుడే మన టమాట కాపు మీద ఉంటుంది. పసుపు జిగురు అట్టలు నాలుగు చెట్లకు ఒకటి కట్టి, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లతో కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. కాయ తొలిచే పచ్చపురుగు కూడా పత్తి, కంది చేలదే. దానికి బంతి ఎర పంట. కిటుకు వయసులో ఉంది. 25 రోజుల టమాట నారు పక్కన 40 రోజుల బంతి నారు నాటాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూస్తాయి. తల్లి పురుగు బంతి మొగ్గ మీద గుడ్లు పెడుతుంది. బతుకమ్మకు వేసిన బంతి అప్పటికే అయిపోతుంది, అది దీనికి అక్కరకు రాదు, విడిగా వేసుకోవాల్సిందే.

కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి. బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు అంటిన చేతులతో పిలకలు గిల్లకూడదు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన తంబాకులో కూడా బతికే ఉంటుంది. గిల్లిన గాయంలోంచి చెట్టుకెక్కి ఆకులు పచ్చా లేతపచ్చా మచ్చలు పడి, సన్నగా దారాల్లా అవుతాయి. సబ్బుతో చేతులు కడుక్కుని, వెన్న తీసిన పాలలో వేళ్లు ముంచి పని చేస్తే అంటుకోవడం చాలావరకు ఆగుతుంది. వినడానికి వింతగా ఉన్నా నారుమళ్లలో ఎప్పటి నుంచో చేస్తున్న పనే.

ఈ మొజాయిక్ వైరస్‌కు, ఎండు తెగులుకు తట్టుకునే పెద్ద రకం కావాలంటే బిగ్ బీఫ్ లాంటి హైబ్రిడ్ తీసుకోవాలి. దానికీ మన ఆకుముడత వైరస్ తగులుతుంది, వలే దిక్కు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ ఆకుముడతను, వడలు తెగులును తట్టుకుంటుంది గానీ కాయ 100 గ్రాముల లోపే. అసలు చారుకూ పచ్చడికీ అదే మేలు. పెద్ద టమాటలో పులుపు తక్కువ, కండ ఎక్కువ. ముక్కలు కోసి ఉప్పు కారం చల్లుకుని పచ్చిగా తినడానికి దానికి సాటి లేదు, పప్పులో వేస్తే మాత్రం నిమ్మకాయ పిండుకోవాల్సి వస్తుంది.

కోత విషయం వ్యాసంలో "చెట్టు మీదే పూర్తిగా పండనివ్వండి" అని ఉంది. కోతులు లేని ఊరివాళ్లు రాసినట్టుంది. హనుమకొండలో మిద్దె మీద ఎర్రటి అరకిలో పండు వేలాడుతుంటే తెల్లారేదాకా ఉండదు. అడుగున గులాబీ రంగు తిరగగానే కోయాలి. అప్పటికే చెట్టు ఇవ్వాల్సింది చాలావరకు ఇచ్చేసి ఉంటుంది, రుచి పెద్దగా తగ్గదు. అకాల వాన పడితే పగిలే భయమూ ఉండదు. తొడిమ పైకి కాకుండా కిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా, గదిలో నీడన పరిస్తే నాలుగైదు రోజుల్లో పండుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పండదు, వాసనా పోతుంది. మార్చిలో చెట్టు మీద వదిలిన కాయలు ఎరుపెక్కక పసుపుగా ఉండిపోతే కంగారు పడొద్దు. 30 డిగ్రీలు దాటితే ఎర్రరంగు పదార్థం సరిగా తయారుకాదు. వాటినీ తెచ్చి చల్లటి గదిలో పెట్టడమే.

సంక్రాంతికి నారు పోసుకున్నవాళ్లు దాన్ని పారేయక్కరలేదు. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచితే మార్చిలో మొదట పూసిన గుత్తి ఒకటో రెండో నిలవొచ్చు. హైబ్రిడ్ కాని రకమైతే ఆ కాయల నుంచి గింజలు తీసుకోవాలి. గుజ్జుతో సహా గ్లాసులో వేసి రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, సీసాలో పెట్టుకుంటే మఖ కార్తెకు చేతిలో విత్తనం ఉంటుంది. మీ పేజీలో ఈ సవరణను ఆగస్టు మొదటి వారంలోపు వేయండి. తర్వాత వేస్తే మరో ఏడాదికి గానీ పనికిరాదు.

— మిద్దెతోట సాగుదారులు, హనుమకొండ